శ్రీశైలం కొండనూ, దాని ధిక్కారాన్నీ చూపించండి: సాంస్కృతిక శాఖలకు, క్యూరేటర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సాంస్కృతిక శాఖల అధికారులకు, రెండు రాష్ట్రాల్లో కళా ప్రదర్శనలు రూపొందించే క్యూరేటర్లకు, కళాకారులకు నమస్కారం.

శ్రీశైలం కొండ మీద, ఆ కొండను నమ్ముకుని బతికిన ధిక్కార సంస్కృతి మీద ఒక పెద్ద సమకాలీన కళా ప్రదర్శన పెట్టమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఏదో ఒక ఆఫీసుకు అర్జీ పెట్టకుండా మీ అందరికీ కలిపి రాయడానికి కారణం ఉంది. 2014 నుంచి ఈ కొండ దారులు రెండు రాష్ట్రాల మధ్య పంచుకుపోయాయి. ఆలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కృష్ణ దాటితే తెలంగాణ. శ్రీశైలానికి నాలుగు దిక్కులా ద్వారాలుగా చెప్పే క్షేత్రాల్లో తూర్పు ద్వారం త్రిపురాంతకం, దక్షిణ ద్వారం సిద్ధవటం ఇటు ఉన్నాయి. పడమటి ద్వారం అలంపురం, ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం అటు ఉన్నాయి. ఎవరో ఒకరే చేయాలంటే కొండ సగమే కనిపిస్తుంది.

నేను మార్కాపురం వైపు ఒక ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ మాస్టారిని. మా పిల్లల్లో చాలామంది శ్రీశైలం వెళ్లొచ్చినవాళ్లే. శ్రీశైలం బొమ్మ గీయమంటే నూటికి తొంభైమంది రెండే గీస్తారు: గోపురం, లేదంటే గేట్లు ఎత్తిన డ్యామ్. పిల్లల్ని తప్పు పట్టను. వాళ్లకు పెద్దవాళ్లు చూపించింది అదే. ఈమధ్య ఒక నగరంలో ఆధ్యాత్మిక చిత్రకళ పేరుతో పెట్టిన ప్రదర్శన చూశాను. మంచి కాన్వాసులు, ఖరీదైన ఫ్రేములు. నీలం రంగు శివుడు, వెనక మంచు కొండ, మెడలో రుద్రాక్షలు. ఆ మంచు కొండ మనది కాదు. నల్లమలలో మంచు కురవదు. చెంచులు వేటకు తిరిగిన ఎండుటాకుల అడవి, ఇనుప రంగు రాళ్లు, లోయలో కృష్ణ, ఎండాకాలం కార్చిచ్చు పొగ, ఇవేవీ ఆ గోడల మీద లేవు. ఆ కొండకు వచ్చిన మనుషులు అసలే లేరు.

ఆ మనుషుల గురించే నా బాధ.

ధిక్కార సంస్కృతి అనగానే మన ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు 1960ల అమెరికా గుర్తొస్తుంది. పొడుగు జుట్టు, గిటారు, శాన్‌ఫ్రాన్సిస్కో. మరికాస్త చదివినవాళ్లు దిగంబర కవులనే తెలుగు తిరుగుబాటు కవుల పేరు చెబుతారు. 1965లో వాళ్లు తమ తొలి సంపుటిని అర్ధరాత్రి హైదరాబాద్ వీధిలో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అది గొప్ప ఘట్టమే, కాదనను. కానీ మన నేల మీద ఇల్లూ వాకిలీ, కులమూ గోత్రమూ, చివరికి ఒంటి మీది బట్ట కూడా వదిలేసి కొండెక్కినవాళ్ల చరిత్ర అంతకు వెయ్యేళ్ల ముందే మొదలైంది. 8వ శతాబ్దపు ఒక సంస్కృత నాటకంలోనే కాపాలికులనే శైవ సాధకులు శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, పేరు చెప్పుకుంటారు. పుర్రెలో తిని, శ్మశానంలో పడుకుని, ఊరు ఏది అపవిత్రం అంటే దాన్నే ఒంటికి పూసుకున్న మనుషులు వాళ్లు. తర్వాత సిద్ధులు వచ్చారు. పాదరసాన్ని మూసల్లో కాచి, దేహాన్ని చావులేనిదిగా చేయొచ్చని నమ్మారు. ఈ కొండ మీద ఏ గుహలో ఏ రాయి ఉంది, ఏ నీళ్లు తాగితే ఏమవుతుంది అని రసవాద గ్రంథాల్లో పేజీలకు పేజీలు రాసిపెట్టారు. 12వ శతాబ్దం నుంచి వీరశైవులు వచ్చారు. చాకలి మడివాలు మాచయ్య, చెప్పులు కుట్టే మాదర చెన్నయ్య లాంటి భక్తుల ముందు బ్రాహ్మణ్యం తలవంచాలని నడిబజారులో చెప్పినవాళ్లు వాళ్లు.

వీళ్లెవరూ ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. చాలాసార్లు కొట్టుకున్నారు కూడా. కానీ ఊళ్లో చోటు దొరకని ప్రశ్నకు కొండ మీద చోటు దొరుకుతుందని అందరూ నమ్మారు. ప్రదర్శనకు కావలసిన విషయం ఇదే అని నేను అనుకుంటున్నాను.

దీనికి ఆధారం పుస్తకాల్లో వెతకక్కర్లేదు. ఆలయం చుట్టూ ఉన్న ప్రాకారం చూడండి. విజయనగర కాలం నాటి గోడ అది. వరుస మీద వరుసగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లు, రాయి రాయికీ బొమ్మ. భక్తులు కొబ్బరికాయ సంచి భుజాన వేసుకుని, సెల్‌ఫోన్ ఎక్కడ డిపాజిట్ చేయాలా అని వెతుక్కుంటూ ఆ గోడ పక్క నుంచే పోతారు. కాసేపు ఆగితే కింది వరుసల్లో ఏనుగులు, గుర్రాలు నడుస్తుంటాయి. వేటగాళ్లు కనిపిస్తారు. నాట్యగత్తెలు, యుద్ధానికి పోయే సైనికులు కనిపిస్తారు. వాళ్ల మధ్యలో యోగులు. ఒకడు జుట్టు ముడేసుకుని, మోకాళ్ల చుట్టూ పట్టీ బిగించుకుని కూర్చుని ఉంటాడు. ఒకడు చేప మీద కూర్చుంటాడు. ఆయన మత్స్యేంద్రనాథుడు, నాథ సిద్ధుల్లో తొలివాడు. ఎండకూ వానకూ ముక్కులు అరిగిపోయాయి, కళ్లు చెరిగిపోయాయి. అయినా కూర్చున్న తీరులో ఆ మొండితనం పోలేదు.

ఒక చిత్రకారుడిగా ఆ గోడ దగ్గర నన్ను ఆపేసేది ఇంకొకటి ఉంది. దేవుడి కథకు ఎంత రాయి ఇచ్చారో వేటగాడికీ దాదాపు అంతే రాయి ఇచ్చారు. మధ్యలో పెద్ద దేవుడు, అంచుల్లో చిన్న మనుషులు అనే అమరిక లేదు. ఎక్కడ మొదలుపెట్టి చూసినా కథ సాగుతుంది. చోటునంతా కళగా మలిచే ఈనాటి ఇన్‌స్టలేషన్ కళాకారులు ఏళ్ల తరబడి సాధన చేసి పట్టుకోవాలని చూసే అమరిక అది. మన శిల్పులు గుడి గోడ మీదే చేసి చూపించారు.

సారంగధరుడి కథ తెలియని తెలుగువాడు ఉండడు. సవతి తల్లి నింద వేస్తుంది, తండ్రి కాళ్లూ చేతులూ నరికిస్తాడు. నాటకంగా ఊరూరా ఆడారు, ప్రేక్షకులు ఏడ్చారు. అయితే నాటకం తెర దించేసిన చోట శ్రీశైలం కథ మొదలవుతుంది. 15వ శతాబ్దంలో గౌరన ఇక్కడి మఠాధిపతి కోసం రాసిన నవనాథ చరిత్రలో సారంగధరుడు మీననాథుడనే సిద్ధుడి దయతో మళ్లీ అవయవాలు పొంది చౌరంగి అనే సిద్ధుడు అవుతాడు. రాజ్యానికి తిరిగి పోడు. అన్యాయం చేసిన ఇంటికి న్యాయం అడగడానికి కూడా పోడు. శ్రీశైలంలో సారంగధర మఠం ఆయన పేరు మీదే ఉంది. ఘంటామఠం, భీమశంకర మఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠంతో కలిపి వాటిని పంచమఠాలంటారు. నరికిన దేహం, మళ్లీ మొలిచిన దేహం, వదిలేసిన ఇల్లు: ఇంత బలమైన విషయం చేతిలో పెట్టుకుని మన శిల్పులు ఇంకా ఎవరి అనుమతి కోసం చూస్తున్నారో నాకు తెలియదు.

అక్క మహాదేవి సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 12వ శతాబ్దంలో ఉడుతడి నుంచి బయల్దేరి, కట్టుబట్ట కూడా వదిలేసి, జుట్టునే కప్పుకుని శ్రీశైలం నడిచి వచ్చిన స్త్రీ ఆమె. తన వచనాలనే కన్నడ భక్తి కవితలన్నిటిలో ఆమె పిలిచే చెన్నమల్లికార్జునుడు ఇక్కడి దేవుడే. కదళీవనంలో ఆయనలో కలిసిపోయిందంటారు. ఆమె పేరుతో ఉన్న గుహలకు ఇప్పుడు పాతాళగంగ నుంచి లాంచీలో తీసుకెళ్తారు. చాలామందికి అదొక పిక్నిక్. కన్నడం వాళ్లు ఆమెను తమ భాషకు తల్లిలా చూసుకున్నారు. ఆమె చివరి అడుగులు పడిన నేల మాత్రం మనది. మొగుణ్ని కాదని, రాచరికాన్ని కాదని, ఒంటరిగా అడవి దాటిన ఆడమనిషి మీద తెలుగు చిత్రకళలో నిలబడే పని ఎంత జరిగింది? మహిళా కళాకారులను నేను ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఆమెను పూలదండ వేసిన పటంలా కాకుండా, నడిచి నడిచి పగిలిన కాళ్ల మనిషిలా చూపించండి.

వీరశైవ కవి పాల్కురికి సోమనాథుడి గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. ఆయన లేకపోతే ఈ కొండ గురించి మనకు సగం తెలిసేది కాదు. సంస్కృతం బాటలో నడిచే మార్గ కవిత్వం రాజ్యమేలుతున్న రోజుల్లో ఆయన రెండేసి పాదాల ద్విపద పట్టుకున్నాడు, జాను తెనుగు, అంటే జనం తెలుగు అన్నాడు. పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక భాగమే కేటాయించి శ్రీశైలాన్నీ అక్కడి శివరాత్రినీ వర్ణించాడు. యాత్రికుల నడక, ఆటలు, పాటలు, బొమ్మలాటలు, వేషాలు, అన్నీ కళ్లకు కట్టినట్టు రాశాడు. అక్కడ పాడుకునే పాటల పేర్లు వరసగా చెబుతాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. గొబ్బి పాటలు ఇప్పటికీ మన ఆడపిల్లలు పాడుతున్నారు. పర్వత పదాలు అంటే కొండెక్కుతూ పాడిన పాటలు అయ్యుండాలి. వాటి బాణీ మనదాకా రాలేదు.

ప్రదర్శనలో ఒక గది ఈ పాటలకు ఇవ్వండి. పోయిన బాణీని ఊహించి కట్టమని సంగీతకారులను అడగండి. ఒకే బాణీ అక్కర్లేదు. ఒకరు డప్పు మీద కడతారు, ఒకరు తంబురా మీద, ఒకరు కంప్యూటర్ మీద. ఊరూరా కథలు పాడే బుడగ జంగాల గొంతు కూడా ఆ గదిలో వినపడాలి. సోమనాథుడి లాంటి శివకవులు జనం నోటి మాటను కావ్యంలోకి ఎక్కించారు. ఆ మాట మళ్లీ జనం నోటికి ఎలా చేరుతుందో వినాలని నాకు ఎంతో ఆశ.

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. శివరాత్రి నాడు లింగోద్భవ వేళ శ్రీశైలంలో జరిగే పాగాలంకరణ చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. చీరాల ప్రాంతపు చేనేత కుటుంబం ఒకటి ఏడాది పొడవునా రోజుకో మూర చొప్పున మల్లన్న పాగా నేస్తుంది. ఆ రాత్రి ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. చిమ్మచీకటిలో ఆ నేతన్న ఒంటి మీద నూలుపోగు లేకుండా గర్భాలయ శిఖరం ఎక్కి, అక్కడి నుంచి ముఖమండపం మీది నందుల దాకా ఆ తెల్లటి పాగాను చుట్టి వస్తాడు. కింద వేలమంది జనం. ఎవరికీ ఏమీ కనపడదు. దీపాలు వెలిగేసరికి పాగా ఉంటుంది. ఒక ఏడాది శ్రమ, ఒక నగ్న దేహం, చీకటి, ఒక తెల్లటి వస్త్రం. దీన్ని ఎవరూ పర్ఫార్మెన్స్ ఆర్ట్, అంటే దేహంతో చేసి చూపే కళ, అనరు, అనక్కర్లేదు కూడా. దాన్ని కెమెరాతో వెంటాడమని నేను అడగడం లేదు. చీకటిలో జరగాల్సింది చీకటిలోనే జరగనివ్వండి. కానీ ఆ మగ్గం, ఆ రోజుకో మూర లెక్క, ఆ నూలు, ఇవి ప్రదర్శనలో ఉండాలి. నేతన్నకు కళాకారులందరితో సమానంగా పేరూ పారితోషికమూ ఉండాలి.

ఉగాదికి కన్నడ యాత్రికులు వస్తారు. ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దారిన రోజుల తరబడి అడవిలో నడిచి వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు అంటారు. వాళ్లలో కొందరు వీరాచార విన్యాసాలు చేస్తారు. నాలుకలో, బుగ్గల్లో శూలాలు గుచ్చుకుంటారు, నిప్పుల మీద నడుస్తారు. చూడలేక మొహం తిప్పుకునేవాళ్లు ఉంటారు. వాళ్లను నేను అర్థం చేసుకోగలను. కానీ దీని వెనక ఎంత పాత చరిత్ర ఉందో తెలుసుకోవాలి. రెడ్డిరాజు అనవేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. భక్తి ఆవేశంలో వీరులు తమ తలలూ నాలుకలూ నరుక్కుని దేవుడికి ఇచ్చిన చోటు అది.

ఈ భాగాన్ని ఎలా చూపించాలి అన్నది ప్రదర్శనలో అన్నిటికంటే కష్టమైన పని. దాచేస్తే అబద్ధం అవుతుంది. గొప్పగా చూపిస్తే అంతకంటే పెద్ద తప్పు. నా మనసులో మాట చెబుతాను: ధిక్కారం ఎదుటివాడి అధికారాన్ని ప్రశ్నించడంతో మొదలై ఒక్కోసారి తన దేహాన్నే తినేసేదాకా పోతుంది. ఈ కొండ ఆ రెండూ చూసింది. చూసేవాడిని ఆ ప్రశ్న ముందు నిలబెట్టగల కళాకారుడికే ఆ గది అప్పగించండి. నెత్తురు రంగు పోసి భయపెట్టేవాళ్లకు వద్దు.

ఇక చెంచులు. మల్లికార్జునుడు వాళ్లకు చెంచు మల్లయ్య, అల్లుడు. వేటకు వచ్చి తమ పిల్లను చేసుకున్నాడని చెప్పుకుంటారు. గుడి కట్టకముందు నుంచీ అడవి వాళ్లది. తాళ్లు కట్టుకుని కొండచరియల మీది నుంచి వేలాడి తేనె తీసే మనుషులు వాళ్లు. ఇప్పుడు పులుల అభయారణ్యం పేరుతో తమ అడవిలో తామే అనుమతి అడుక్కునే పరిస్థితి. శ్రీశైలంలో చెంచు లక్ష్మి ట్రైబల్ మ్యూజియం ఉంది, వాళ్ల కోసం ఐటీడీఏ అనే గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. అయినా ప్రదర్శన అనేసరికి చెంచులను విల్లంబులతో నిలబెట్టి ఫొటో తీయడం, ప్రారంభోత్సవంలో డాన్సు చేయించి పంపేయడం అలవాటైపోయింది. దయచేసి ఈసారి ఆ పని చేయకండి. ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అని తేల్చే బల్ల దగ్గర వాళ్లకు కుర్చీ వేయండి. అడవిని వాళ్లు చూసే తీరు వాళ్ల మాటల్లోనే రికార్డు చేయించండి. ఫలానా చోటు బయటవాళ్లకు చూపించొద్దు అని వాళ్లంటే, ఆ చోటు ప్రదర్శనలో ఉండకూడదు.

అమ్రాబాద్ వైపు యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు 2019లో నల్లమల జనం ఎలా ఎదురు తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఊరి గోడల మీద రాసిన నినాదాలు, చేతిరాత బ్యానర్లు, పాటలు, ఇవన్నీ ఈ కొండ ధిక్కార చరిత్రలో తాజా పేజీలు. ఎవరి ఇళ్లలోనైనా మిగిలి ఉంటే ఇప్పుడే సేకరించండి. ఫ్లెక్సీ గుడ్డ నాలుగు వానలకు మించి బతకదు.

డ్యామ్ సంగతి కూడా రావాలి. మా బడి పిల్లలు గీసే ఆ గేట్ల వెనక నీళ్లలో దాదాపు వంద ఊళ్లు ఉన్నాయి. 1981లో వేల కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లిపోవలసి వచ్చింది. గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి వేరే చోట కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా అలంపురం చేరింది. సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరుడు ఇప్పటికీ ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందే ఉండి, ఎండాకాలం నీళ్లు తగ్గాక బయటపడతాడు. దేవుడికి చోటు వెతికినంత శ్రద్ధ మనుషులకు వెతకలేదు అన్న మాట ముంపు ఊళ్ల వాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఇల్లు వదలడం సిద్ధుడికి ఎంపిక. ముంపు రైతుకు అది ఎంపిక కాదు. ఈ తేడా పక్కపక్క గదుల్లో కనిపించాలి.

ఇలాంటి ప్రదర్శన సాధ్యమేనా అని అడిగేవాళ్లకు ఒక ఉదాహరణ చెబుతాను. స్విట్జర్లాండ్‌లో అస్కోనా అనే ఊరి పైన మోంతే వెరితా అని చిన్న కొండ ఉంది. 1900లో కొందరు యువతీయువకులు పరిశ్రమల నాగరికతను కాదని అక్కడికి వెళ్లి గుడిసెలు వేసుకున్నారు. శాకాహారం, ఒంటికి ఎండ, సొంత చేతులతో వ్యవసాయం, పెళ్లి తంతు లేని కాపురాలు. తర్వాత నాట్యకారులు, రచయితలు, అరాచకవాదులు వచ్చారు. రుడాల్ఫ్ లాబాన్ నాట్యశాల నడిపాడు. కాలం గడిచి అంతా చెదిరిపోయింది. 1978లో హరాల్డ్ జేమాన్ అనే క్యూరేటర్ ఆ మనుషుల ఉత్తరాలు, ఫొటోలు, వస్తువులు, నమూనాలు ఏళ్ల తరబడి పోగుచేసి ముందు ఆ ఊళ్లోనే ప్రదర్శన పెట్టాడు. తర్వాతే అది జ్యూరిచ్, బెర్లిన్, వియన్నా లాంటి నగరాలకు వెళ్లింది. ఈనాటికీ అందులో చాలా భాగం ఆ కొండ మీదే, ఆ రోజుల నాటి కట్టెల ఇంట్లో ఉంది. ఆ కొండ ధిక్కారానికి వందేళ్లు దాటాయి. మన కొండకు వెయ్యేళ్లు దాటాయి. సిద్ధుల చిత్రాల మీద 2006లో న్యూయార్క్‌లోని రూబిన్ మ్యూజియం పెద్ద ప్రదర్శనే పెట్టింది. సిద్ధులు కూర్చున్న కొండ మన దగ్గర ఉంది, మనం పెట్టలేదు.

జేమాన్ నుంచి నేర్చుకోవలసింది ఒకటి ఉంది. కొండ దగ్గర మొదలుపెట్టి నగరానికి వెళ్లాలి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, విజయవాడ బాపు మ్యూజియం మంచి చోట్లే, ప్రదర్శన చివరికి అక్కడికి రావాల్సిందే. కానీ మొదటి విడత కొండ మీదా, నాలుగు ద్వారాల దగ్గరా జరగాలి. అలంపురంలో నీళ్ల కథ పెట్టండి, తరలి వచ్చిన గుడి అక్కడే ఉంది. ఉమామహేశ్వరం అడవిని చెంచులకు ఇవ్వండి. సిద్ధవటం కోటలో సిద్ధులు. త్రిపురాంతకంలో సోమనాథుడి పాటలు. ఎవరైనా నాలుగూ తిరిగితే కొండకు పెద్ద ప్రదక్షిణ చేసినట్టే అవుతుంది. ఒక్కటే చూసి పోయినా నష్టం లేదు. ఈ ద్వారాల దగ్గరి ఊళ్లలో జనం జీవితంలో ఒక్క ఆర్ట్ గ్యాలరీ గడప తొక్కి ఉండరు. వాళ్ల తాతలు పాడిన పాట మీద జరిగే ప్రదర్శనకు వాళ్లు టికెట్ కొనుక్కుని హైదరాబాద్ రావాలనడం న్యాయం కాదు.

సామగ్రి కూడా ఇక్కడిదే దొరుకుతుంది. మార్కాపురం పలక రాయి ఒకప్పుడు దేశమంతా బడిపిల్లల చేతుల్లో ఉండేది. ఇప్పుడు ఆ పరిశ్రమ చితికిపోయింది. శిల్పులకు, ప్రింట్ కళాకారులకు ఆ రాయి ఇచ్చి చూడండి, ఏం చేస్తారో.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న భయం గురించి. మనోభావాలు దెబ్బతిన్నాయని ఎవరో ఒకరు అంటారు. అధికారులకు టెన్షన్ పట్టుకుంటుంది. మొదటి ఫిర్యాదుకే బొమ్మ దించేస్తారు. ఇది చాలా చోట్ల జరిగింది, ఇక్కడా జరగొచ్చు. నేను మల్లన్న భక్తుణ్నే. మా ఇంట్లో శివరాత్రి జాగారం ఉంటుంది. ఆ హక్కుతోనే అడుగుతున్నాను: నగ్నంగా నడిచిన అక్కను, పుర్రె పట్టిన కాపాలికుణ్ని, చెప్పులు కుట్టే చెన్నయ్యను ఈ దేవుడు కాదనలేదు. దుమ్ము కాళ్లతో వచ్చినవాడు స్నానం కూడా చేయకుండా నేరుగా లింగాన్ని తాకే ధూళి దర్శనం ఈ గుడి ఆచారం. కులం అడగకుండా ఎవరైనా దేవుణ్ని చేత్తో ముట్టుకోవచ్చు అన్న ఆ మర్యాద ఈ కొండదే. ఇప్పుడు దానికి వేళలూ టికెట్లూ వచ్చాయి, అది వేరే చర్చ. దేవుడికి లేని అభ్యంతరం మనం తెచ్చిపెట్టుకోవద్దు. కళాకారుడి పనిని ఎంపిక చేసే ముందు ఎంత చర్చ అయినా చేయండి. ఎంపిక చేశాక మాత్రం అతని వెనక నిలబడండి. ఆ మేరకు రాతపూర్వకంగా హామీ ఇవ్వండి.

కళాకారులకూ ఒక మాట. కొండను తిట్టడానికో, భక్తుల్ని వెక్కిరించడానికో ఈ ప్రదర్శనను వాడుకోకండి. నాలుగు రోజులు వార్తల్లో ఉంటారేమో, పని మిగలదు. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ 1970ల్లో ఎచింగుల్లో (లోహపు పలక మీద గీసి అచ్చు తీసే బొమ్మల్లో) పల్లె మనుషుల దేహాలను ఏ దాపరికమూ లేకుండా గీశారు. ఆ మనుషులను ఎరిగి గీశారు కాబట్టి ఆ గీత ఇప్పటికీ నిలిచింది. నల్లమలలో నడవండి. నాగలూటి దారిలో యాత్రికులతో కలిసి ఒక్కసారైనా కొండెక్కండి. ద్విపద బిగ్గరగా చదివించుకుని వినండి. ఆ తర్వాతే కుంచె పట్టండి.

ఈ పని ఒక్క ఏడాదిలో కాదని నాకు తెలుసు. కొండ దగ్గరి మొదటి విడతను శివరాత్రికి మొదలై ఉగాదికి ముగిసేలా పెడితే తెలుగు యాత్రికులూ కన్నడ యాత్రికులూ ఇద్దరూ చూస్తారు. లేబుళ్లు తెలుగులో, కన్నడంలో ఉండాలి. ఇంగ్లిష్ మూడోది. రెండు శాఖలూ కలిసి కూర్చోవడానికి టైమ్ పట్టినా ఒక పని మాత్రం వెంటనే చేయొచ్చు. ప్రాకారం పక్కన కూర్చుని బొమ్మలు గీసుకోవడానికి విద్యార్థులకూ కళాకారులకూ రోజూ ఉదయం కొన్ని గంటలు అనుమతి ఇప్పించండి, వాళ్ల దగ్గరికి సెక్యూరిటీ వాళ్లు వచ్చి లేపేయకుండా ఒక గుర్తింపు చీటీ ఇవ్వండి. గోడలో ప్రతి రాయినీ మంచి వెలుతురులో ఫొటో తీయించి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా అందరి ముందూ పెట్టండి. ఈ రెండింటికీ ప్రత్యేక బడ్జెట్ కోసం ఆగనక్కర్లేదు. దేవస్థానానికి మీరు రాసే ఒక్క లేఖ చాలు. దాని నకలు మా బడికి కూడా పంపితే, వచ్చే సెలవుల్లోనే పిల్లల్ని తీసుకుని వస్తాను.

ఇట్లు,
మార్కాపురం ప్రాంతపు ఒక డ్రాయింగ్ మాస్టారు